పాపకు కట్టెలు కొట్టేది కష్టమంట

కెలమంగలం,
కార్తీక సోమవారం.

అంచెట్టిలో ఉన్న మేనత్త అలివేలమ్మకు,

వినుత రాస్తున్నది. క్షేమ సమాచారాలు చివర్లో అడుగుతాను. ముందు నా మొర విను.

మా ఇంట్లో నా గురించి నాకు తప్ప అందరికీ తెలుసు. నేను నవ్వితే ఎందుకు నవ్వానో అమ్మ చెబుతుంది. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదో తమ్ముడు రక్షిత్ చెబుతాడు. హోసూరులో డ్యూటీ ముగించుకుని వచ్చి, పెరట్లో గొడ్డలి పట్టుకుని నాలుగు చింత మొద్దులు చీలుస్తానా, అమ్మ గోడ అవతలి ఆమెతో నాకు వినబడేటట్టే అంటుంది: "కల్లావి సంబంధం తప్పిపోయింది గదమ్మా, ఆ కోపమంతా మొద్దుల మీద చూపిస్తా ఉంది."

అత్తా, ఆ కల్లావి అబ్బాయి పేరు కూడా నాకు సరిగ్గా గుర్తు లేదు. బిస్కెట్టును రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా విరిచి తిన్నాడు. గుర్తున్నది అంతే. దానికి కోపం ఎందుకు? రక్షిత్ ఇంకో మెట్టు ఎక్కాడు. "అక్కా, ఈపొద్దు ఎవర్ని తలుచుకోని కొడతా ఉండావు?" అని రోజూ అడుగుతాడు. "నిన్నే" అంటే పరుగెత్తుతాడు.

నిజం నీకు తెలుసు. కంపెనీలో నా పని హైడ్రాలిక్ సిలిండర్లకు ప్రెషర్ పెట్టి, ఎక్కడైనా నూనె చెమరుస్తుందేమో చూడటం. పొద్దంతా బలమంతా నూనెది. నేను గేజు ముల్లు చూస్తూ నిలబడతాను. ఇంటికి వచ్చి గొడ్డలి ఎత్తినప్పుడు మాత్రం బలం నా మడమల నుంచి బయలుదేరి, నడుము దాటి, చేతుల్లోకి వస్తుంది. మొద్దు విచ్చుకుంటే లోపలి నుంచి పులుపు వాసన. నాకు కావలసింది అదే. ఇది కోపం ఎట్లా అవుతుంది?

ఇక అసలు సంగతి. పోయిన శుక్రవారం నాయన టెంపోలో ఒక మెషిన్ దించాడు. కట్టెలు చీల్చే హైడ్రాలిక్ మెషిన్! అడ్డంగా ఒక ఇనుప దూలం, ఒక చివర ఆప్పు, అంటే మొద్దును చీల్చే ఇనుప చీల, ఇంకో చివర సిలిండర్, పక్కన పెట్రోలు ఇంజను. కుడివైపు లివర్ నొక్కితే సిలిండర్ మొద్దును మెల్లగా ఆప్పు మీదికి తోస్తుంది. అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నాయన నా ముందు నిలబడి, పెళ్లికొడుకును చూపించినట్టు చూపించి, "పాపా, ఇంక నువ్వు చెయ్యెత్తే పనే లేదు" అన్నాడు.

"ఎవరడిగినారు నాయనా?" అన్నాను.

"మీ అత్తే గదా! మునిరాజ్ చేత చెప్పి పంపించింది. 'పాపకు కట్టెలు కొట్టేది కష్టమంట, మిషన్ ఒకటి చూడమనింది' అన్నాడు వాడు."

అంచెట్టి బస్సు కండక్టరు మునిరాజ్ నీ మాట మోసుకొచ్చాడంటే నమ్మకుండా ఉండలేను. వీళ్లంటే సరే. నాకు గొడ్డలి పట్టుకోవడం నేర్పినదానివి, నీకెప్పుడు తోచింది నాకది కష్టమని? చేతగానివాళ్లకు, చెయ్యి పడిపోయినవాళ్లకు కావాలి ఆ మెషిన్. మొద్దుకు కొట్టవలసిన ఆప్పు నాకు పెట్టావు. నమ్మినవాళ్లకు ఎసరు పెట్టడాన్ని హోసూరులో అరవంవాళ్లు 'ఆప్పు పెట్టడం' అంటారు కదా, అదే చేశావు.

ఆవులు ఎట్లా ఉన్నాయి? హోటలు ఎట్లా నడుస్తోంది? ఇవి చివర్లో అడుగుతానన్న క్షేమాలు.

నీ మీద అలిగిన
వినుత

•

అంచెట్టి,
పౌర్ణమి మరుసటి దినం.

మేనకోడలు వినుతకు,

అత్త ఆశీస్సులు. నీ జాబు వచ్చింది. బస్టాపు కాడ హోటల్లో చదివి నవ్వుకుంటా ఉంటే రాగిముద్ద తినేటోళ్లు, "అక్కా, జాబులో సినిమా ఏమన్నా వేసినారా" అని అడిగినారు.

చెప్పి పంపించింది నేనే. కాదనను. దాన్ని ఇంక తవ్వద్దు. తెచ్చిన మనిషి ప్రేమతో తెచ్చినాడు, నువ్వు మొహం ముడుచుకుంటే మీ నాయిన రెండు దినాలు అన్నం సరిగా తినడు. వాని సంగతి నీకంటే ముందు నుంచి నాకు తెలుసు.

మీ అమ్మ మాటలకు పోవద్దు. వదినకు నువ్వు పెరట్లో ఒంటరిగా ఉండేది చూస్తే బెంగ. బెంగకు ఒక పేరు కావాల, కల్లావి అని పెట్టుకునింది.

ఈడ చలి ముదిరింది. పొద్దున, హోటల్లో గిన్నెలు తోమే మద్దమ్మ నాకు తల దువ్వుతా చెప్పింది, కొండ మీద మంచు బాగా పడతా ఉందంట. దాని మొగుడు గుర్రప్పకు తీరిక ఉంటే నాలుగు మొద్దులు పగలగొట్టి పోతాడు. లేనప్పుడు సన్న పుల్లలతోనే పొయ్యి నడిపిస్తా ఉండాను.

ఊరికే అడుగుతా ఉండా, ఆ మిషన్ శబ్దం ఎంత? ఆవులు బెదరతాయా? ఒంటి చేత్తో నడిపేదానికి అయితాదా? చూసినోళ్లెవరూ లేరు ఈడ, అందుకే.

మీ అత్త
అలివేలమ్మ

•

హోసూరు, కంపెనీ క్యాంటీన్,
మార్గశిరం.

అత్తకు,

మధ్యాహ్నం భోజనాల వేళ రాస్తున్నాను. పక్క బెంచీ అమ్మాయి ఇది ఏ భాష అని అడిగింది. మా అత్త నాకిచ్చిన భాష అన్నాను. బడిలో నాకు అంతా అరవమే కదా. సెలవులకు నీ దగ్గరికి వస్తే, రాగిపిండి చల్లిన పళ్లెంలో నా వేలు పట్టుకుని 'అ' దిద్దించావు. వంకర పోతే పళ్లెం ఊపి చెరిపేసేదానివి, తిట్టకుండా. ఫోనుకు టవరు రాని ఊళ్లో ఉండి నువ్వు నాకు మేలే చేశావు. లేకపోతే ఈ అక్షరాలు ఆ పిండిలోనే ఉండిపోయేవి.

నీ అనుమానాలకు జవాబులు. శబ్దం టెంపో ఇంజనంత. మా దూడ మొదటి రోజు తాడు తెంపుకుంది, మూడో రోజు దాని పక్కనే పడుకుని నెమరువేసింది. ఒంటి చేత్తో నడపవచ్చు, కాని కుడి చెయ్యే కావాలి. మొద్దును దూలం మీదికి ఎత్తడానికి రెండో చెయ్యి కూడా కావాలి. అయినా అది నీకెందుకు?

ఒక వింత చెప్పనా? ఆ మెషిన్‌ను నేను ముట్టలేదు. అమ్మ ముట్టింది. జన్మలో గొడ్డలి ఎత్తని మా అమ్మ, కొంగు నడుముకు చుట్టి, లివర్ నొక్కి, గణుపులతో బిగుసుకున్న చింత మొద్దును రెండు చేసింది. చేసి, చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టింది. "ఇంత సులువా? నన్ను ఇన్నేండ్లు మోసం చేసినారు గదే మీరంతా!" అంది. చలికి పట్టుపురుగుల గదిలో కుంపట్లకు కావలసిన కట్టెలన్నీ ఇప్పుడు ఆమే పేరుస్తోంది. నేను గొడ్డలితో ఒక మూల, ఆమె మెషిన్‌తో ఒక మూల. మధ్యలో మాటలు కలుస్తున్నాయి. కల్లావి పేరు ఈ మధ్య వినబడలేదు. ఆ మెషిన్‌ను నేను తక్కువ చేసి మాట్లాడానేమో అని మొదటిసారి అనిపించింది.

ఇప్పుడు నేనడిగేవాటికి నువ్వు జవాబు చెప్పు. మద్దమ్మ నీకు తల దువ్వడమేమిటి? నీ జుట్టు మీద మా అమ్మనే చెయ్యి వెయ్యనివ్వవు. సన్న పుల్లల మీద అంత పెద్ద ముద్దకుండ ఎట్లా ఉడుకుతోంది?

వినుత

•

అంచెట్టి,
శనివారం.

వినుతకు,

ముద్ద మానేసినా, ఇడ్లీ పోస్తా ఉండా. పిల్లోళ్లకు ఇడ్లీ అంటేనే ఇష్టం. మద్దమ్మకు దువ్వేది ఇష్టం, దువ్వనీ అని ఊరకుండా. చలికి పెద్దోళ్ల ఒళ్లు అట్లనే పట్టేస్తాది.

వదిన కట్టెలు కొట్టిందని చదివి చానా సంతోషపడినా. ఆ మిషన్ ఆడనే ఉండనీ. మంచి చేతికే చేరింది.

మీ నాయినకు ఇవన్నీ చెప్పొద్దు.

అత్త

•

కెలమంగలం,
సంతరోజు.

అత్తకు,

నీ పోయిన జాబు పోస్టుకార్డులో సగం కూడా లేదు. హోటలు మొదలుపెట్టినప్పటి నుంచి ముద్ద గెలికే తెడ్డు దించనిదానివి, దాన్ని మానేసి ఇడ్లీ పోస్తున్నావంటే పిల్లల ఇష్టం కోసమని నేను నమ్మలేదు. అయినా తెలియలేదు. ఇవాళ తెలిసింది.

సంతలో వంకాయలు ఏరుకుంటూ ఉంటే అంచెట్టి బస్సు వచ్చి ఆగింది. మునిరాజ్ ఫుట్‌బోర్డు మీద నుంచే అరిచాడు: "యామ్మా, మిషన్ యాడ? ఇంకా పంపలేదా మీ నాయిన?"

"మా ఇంట్లోనే ఉందన్నా. ఎప్పుడో వచ్చింది."

"మీ ఇంట్లో ఉంటే ఏం లాభం? ఆయమ్మ దినామూ బస్సు పైకి చూస్తాది, టాపు మీద ఏమన్నా కట్టుకోని వచ్చినానేమో అని. అడగదు, చూస్తాది. నాకే సిగ్గుగా ఉంది."

"నువ్వేం చెప్పినావు మా నాయనకు?"

"ఆయమ్మ ఏం చెప్పిందో అదే. 'పాపకు కట్టెలు కొట్టేది కష్టంగా ఉంది, మిషన్ ఒకటి చూడమని మాయన్నకు చెప్పప్పా' అనింది. నేను ఒక్క ముక్క కలపలేదు, తియ్యలేదు."

విజిల్ వేశాడు. బస్సు పోయింది. నేను వంకాయలు అక్కడే వదిలేసి ఇంటికి నడిచాను.

ఇంట్లో నేను పాలు తాగే స్టీలు చెంబు ఉంది చూడు, మీద చుక్కలు చుక్కలుగా 'పాప' అని పొడిచింది. పుట్టినప్పటి నుంచి అది నాదే అనుకున్నాను. నాయన నన్ను పిలిచే పేరు కదా. ఇవాళ దాన్ని పట్టుకుని, "అమ్మా, నాకు ఈ చెంబు ఎవరు కొనిచ్చినారు?" అని అడిగాను. అమ్మ ముద్ద చేస్తూ తలెత్తకుండా చెప్పింది: "నీకు కొన్నదేం కాదే. నేను కాపురానికి వచ్చిననాడే ఉండె. మీ అత్తది. ఆ కాలంలో మీ నాయిన ఆయమ్మను పాప అనే పిలిచేది."

అత్తా, పాప నువ్వు!

నన్ను ఎవరూ తప్పుగా అర్థం చేసుకోలేదు. తప్పుగా అర్థమైంది నీ మాట. నువ్వు నీ కోసం అడిగావు. నాయనకు ఆ మాట వినగానే నేను కనిపించాను. పసుపు కుంకుమ, నిమ్మకాయలు, నా అలక, అన్నీ నీ మెషిన్ మీద జరిగిపోయాయి. నువ్వేమో నా మొదటి జాబు చదివి, తవ్వద్దు అని మూసేశావు.

నీ చేతికి ఏమైంది? తల దువ్వడం, తెడ్డు తిప్పడం, గొడ్డలి ఎత్తడం. మూడింటికీ కావలసింది ఒక్కటే, చెయ్యి పైకి లేవడం. జాబు రాయడానికి అది అక్కర్లేదు కాబట్టి రాస్తున్నావు. దాచకుండా రాయి.

వినుత

•

అంచెట్టి,
పుష్య మాసం.

వినుతకు,

నీ కండ్లకు దిష్టి తియ్యల్ల. ముందు నవ్వినా, ఆనెక ఏడ్చినా, మళ్లా నవ్వినా.

కుడి భుజం. పడింది లేదు, దెబ్బ తగిలింది లేదు. ఒక పొద్దు పైన ఉండే డబ్బా అందుకోబోతే అందలేదు. చెయ్యి రొమ్ము దాకా లేస్తాది, ఆపైన తాళం వేసినట్టు నిలిచిపోతాది. గొడ్డలి ఎత్తల్లంటే ఇంక కాదు. నీకు నేర్పినప్పుడు ఏమి చెప్పినా? మొద్దును కొట్టే ముందు దాని మొహం చూడు, బీట ఏ పక్క పోయిందో అదే దారి చూపిస్తాది అని. ఇప్పుడు మొద్దు మొహం నాకు బాగానే కనబడతాది, చెయ్యే రాదు.

చెయ్యి సంగతి అంతే, వినూ. ఆ పేరు సంగతి చెబుతా. మా అమ్మ, మీ నాయిన, ఇద్దరే నన్ను పాప అని పిలిచేది. అమ్మ పోయింది. నువ్వు పుట్టినాక మీ నాయిన ఆ పేరు నీకిచ్చేసినాడు. అప్పటి నుంచి నన్ను అలివేలూ అంటాడు. నాకు బాధ లేదు, మంచి పేరు మంచి బిడ్డకు పోయింది. కానీ ఆ దినం బస్సు కదలతా ఉంది, ఒకరిని ఒకటి అడిగే అలవాటు నాకు లేదు, అలివేలుకు నోరు రాలేదు. పాపకు వచ్చింది. అంతే.

నీ మొదటి జాబులో 'చెయ్యి పడిపోయినవాళ్లకు కావాలి ఆ మెషిన్' అని రాసింటివి. అది చదివినాక ఇంక నాది అని ఎట్ల చెప్పేది? కోపం లేదు. ఆ పొగరు కూడా నేను నేర్పిందే గదా, గొడ్డలితో పాటు. ఒకటి మాత్రం మనసు నిండిపోయింది. పాప అనే మాట చెవిన పడితే చాలు, మా అన్న ముందూ వెనకా చూడకుండా మిషన్ తెచ్చినాడు. అది ఏ పాపకు చేరితే ఏమి?

నా మాట ఒకటి విను. నాయినకు చెప్పొద్దు. చెబితే హోటలు మూయించి, గిన్నెలు మూట కట్టించి, మీ పెరటి గదిలో నన్ను కూర్చోబెడతాడు. ప్రేమతోనే. ఈడ బస్సు దిగినోళ్లు "అక్కా, తినేదానికి ఏముంది" అని నన్ను అడుగుతారు. ఆడ "ఏమి తింటావు" అని నన్ను అడుగుతారు. రెండూ ఒకటి కాదు.

నా గొడ్డలికి పాత కామ తీసి కొత్త కర్ర మొన్న వేయించినా, ఎందుకో. అది నీకు. వచ్చినప్పుడు తీసుకోని పో.

మీ అత్త
అలివేలు

•

కెలమంగలం,
ఆదివారం.

అత్తకు,

నాయనకు చెప్పొద్దన్నావు. చెప్పాను.

పురుగులకు మల్బరీ ఆకు వేసి వచ్చి చేతులు కడుక్కుంటూ ఉన్నాడు. ఆ చెంబుతోనే నీళ్లు పోశాను. పోస్తూ, మునిరాజ్ తెచ్చిన మాట ఎవరిదో, ఎవరికోసమో చెప్పాను. నాయన తడి చేతులతోనే చెంబు నా దగ్గర నుంచి తీసుకుని, ఆ చుక్కలను బొటనవేలితో తడిమాడు. "ఇది చేయించినప్పుడు అది ఒప్పుకోలేదు. చెంబు కాదు, సైకిలు కావాలనింది" అన్నాడు. ఇంకాసేపటికి, "అది నోరు తెరిచి ఒక్కటి అడిగింది. అదీ నేను నీకు ఇచ్చేసినా" అన్నాడు. మా నాయన కంట్లో నీళ్లు నేనింతకు ముందు చూడలేదు.

వెంటనే నువ్వు భయపడిందే జరిగింది. "పోయి పాపను పిల్చుకోనొస్తా. ఇంక ఆడ ఉండేది వద్దు" అని చొక్కా తొడుక్కున్నాడు.

నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "నాయనా, అత్త అడిగింది మెషిన్‌ని. గదిని కాదు. ఇంకొకసారి తప్పుగా వినొద్దు" అన్నాను.

రక్షిత్ దూరంగా జరిగాడు, ఏదో పగిలేటట్టుందని. నాయన చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, "నువ్వూ అచ్చం దాని మాదిరే" అన్నాడు. దాన్ని తిట్టుగా అన్నాడో లేదో గాని, నేను మెప్పుగానే తీసుకున్నాను.

ఈ వారమంతా డ్యూటీ నుంచి వచ్చి ఆ మెషిన్ మీదే కూర్చున్నాను. చదువుకున్నందుకు మొదటిసారి మనసారా సంతోషపడ్డాను అత్తా. లివర్‌ను కుడి నుంచి ఎడమకు మార్చాను. గొట్టాలు కొత్త పొడవుకు కోయించి బిగించాను. ప్రెషర్ పెట్టి చూశాను, ఒక్క చుక్క చెమర్చలేదు. నేల నుంచి దూలం దాకా ఏటవాలుగా ఒక ఇనుప పలక అతికించాను. మొద్దును ఎత్తే పని లేదు, ఎడమ కాలితో దొర్లిస్తే ఎక్కుతుంది. కుడి చెయ్యి నడుము మీద పెట్టుకుని నిలబడినా కట్టె చీలుతుంది. నాయన ఎడమ చేత్తో నొక్కి చూసి, "ఇంక ఇది వేరేవాళ్లకు పనికిరాదు గదా" అన్నాడు. అదే నాకు కావలసింది అన్నాను.

కృష్ణగిరిలో ఎముకల డాక్టరు దగ్గర నీ పేరు రాయించాను. శనివారం నిన్ను అక్కడికి తీసుకుపోతాను. ఇట్లా బిగుసుకుపోయిన భుజాలు కసరత్తుతో మెల్లగా విడుస్తాయని చెప్పారు. విడిచినా, విడవకపోయినా మెషిన్ నీ దగ్గరే ఉంటుంది.

శుక్రవారం మునిరాజ్ బస్సు టాపు వంక చూడొద్దు. మెషిన్ టెంపోలో వస్తుంది, దాని వెనక నాయన, నేను. నిమ్మకాయలు అమ్మ మళ్లీ కొనింది. చెంబు కూడా తెస్తున్నాను. నేను చాలా తాగాను దాంట్లో.

మెషిన్ పోతుందంటే అమ్మ మొహం చిన్నబోయింది. దాన్ని నడపడానికి చుట్టిన కొంగు ఇంకా నడుము నుంచి తియ్యలేదు. "అయితే నాకు కట్టెలు ఎవరు కొడతారే?" అని అడిగింది.

నేను కొడతాను. నీ గొడ్డలితో, చేత్తో.

వినుత